నీళ్లు పొయ్యని చేపల కూర

చింతపండు పడకపోతే దాన్ని చేపల పులుసని మీ నాయనమ్మ ఒప్పుకునేది కాదు. అలాంటి మనిషితో, చింతపండు లేదు, కూరకారం లేదు, చుక్క నీళ్లు కూడా పొయ్యరు, అయినా అంత కమ్మటి చేపల కూర ఇంకెక్కడా తినలేదంటే నమ్ముతుందా? ఆవిడ నమ్మలేదు. మీరన్నా నమ్మండి.

అప్పట్లో నేను ఇనప ఖనిజం మోసే ఓడల్లో ఉండేవాణ్ని. మన విశాఖ ఔటర్ హార్బర్ నుంచి పోయే సరుకే అది. బ్రెజిల్‌లో దానికి పెద్ద రేవు తుబరావ్, 1966లో మొదలైంది. గనులు ఎక్కడో లోపల, మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో. అక్కణ్నించి రైళ్ల మీద దిగుతుంది ఖనిజం. ఆ రేవున్న ఊరు వితోరియా, ఎస్పిరితో సాంతో రాష్ట్రానికి రాజధాని. పోర్చుగీసువాళ్లు 1551లో పెట్టిన ఊరు. పాత ఊరంతా దీవి మీదే. చుట్టూ ఉప్పునీళ్లు, మడ అడవులు. సరుకు ఎక్కుతున్నంతసేపూ ఓడలో ఎర్రదుమ్ము పీల్చి, వీలు చిక్కగానే ఊళ్లోకి పరిగెత్తేవాళ్లం, ఆ కూర కోసమే.

దాని పేరు ముకెకా. బొంతచేప జాతివో, మన పండుగప్పకి పోలికున్న రొబాలోవో లావుపాటి ముక్కలు కోసి, ఉప్పూ నిమ్మరసం పట్టించి కాసేపు ఉంచుతారు. మట్టికుండలో ఆలివ్ నూనె, జాఫ్రా గింజలతో ఎర్రబారిన నూనె వేసి, ఉల్లిపాయలు, టమాటాలు, కొత్తిమీర పరిచి, పైన చేపలు పేర్చి, మళ్లీ అవే కప్పి మూత పెడతారు. టమాటాల్లోంచి ఊరిన నీళ్లే దానికి పులుసు. గరిటె పెట్టనివ్వరు. ముక్క విరుగుతుందని కుండనే పట్టుకుని కదుపుతారు. కారం కావాలన్నవాడికి పక్కన మిరపకాయలు పెడతారు. మన మన్యంలో పండే జాఫ్రా పుట్టిల్లు ఆ దక్షిణ అమెరికా వైపే. సామర్లకోటలో సగ్గుబియ్యం చేసే కర్రపెండలం కూడా అటునుంచి వచ్చిందే. ఆ కర్రపెండలం పిండిని చేప ఉడికిన నీళ్లలో కలిపి జావలా ఉడికిస్తారు. దాన్ని పిరావ్ అంటారు. అన్నం, పిరావ్, ముకెకా, పక్కన కూరఅరటి పండ్లతో చేసిన ఇంకో చిన్న ముకెకా.

పైనున్న బహియా రాష్ట్రంవాళ్లు ఇదే కూరలో కొబ్బరిపాలు, పామాయిలు పోస్తారు. వితోరియావాళ్ల దగ్గర ఆ మాటెత్తితే, అది ఉత్త చేపల కూర, ముకెకా అంటే మాదే అని తగువుకొస్తారు. నేను రెండూ తిన్నాను. నా ఓటు వితోరియాకే. కొబ్బరిపాలు పడితే చేప రుచి కిందకి పోతుంది.

ఆ రెండు కట్టెలు ఇటు తొయ్యి నాయనా, అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఆ రుచి సగం కుండది. గొయబేరాస్ అనే పేటలో ఆడవాళ్లు చేస్తారు ఆ నల్లకుండలు. సారె ఉండదు. ములెంబా లోయ నుంచి తెచ్చిన బంకమన్ను కాళ్లతో తొక్కి, చేత్తోనే ఎత్తి, ఎండు సొరకాయ పెంకు ముక్కతో వంపు తీసి, ఆరాక గులకరాయితో మెరిసేదాకా రుద్దుతారు. ఆవం అంటే ఆరుబయట కట్టెల మంటే. ఎర్రగా కాలిన కుండని పొడుగాటి కర్రతో లాగి, చల్లారనివ్వకుండా మడచెట్టు బెరడు నానబెట్టిన ఎర్రనీళ్లలో ఆకులకట్ట ముంచి టపటపా కొడతారు. కొలిమిలోంచి తీసిన కొడవలిని నీళ్లలో ముంచినట్టు సుయ్‌మంటుంది. చూస్తుండగానే నల్లబడిపోతుంది. ఆ బెరడు వగరే మట్టిని గట్టిపరుస్తుందట. పోర్చుగీసువాళ్లు రాకముందు అక్కడి ఆదివాసులకున్న విద్య అది, తల్లి నుంచి కూతురికి వస్తోంది. బ్రెజిల్ ప్రభుత్వం చేతివిద్యల్ని జాతి సంపదగా రాసుకునే పుస్తకంలో మొట్టమొదట, 2002లో, ఎక్కింది ఈ కుండలమ్మల పనే. ఆ కుండని పొయ్యి మీంచి దింపి బల్ల మీద పెట్టాక కూడా లోపల కూర ఉడుకుతూనే ఉంటుంది.

అదే ఊళ్లో కైయెయిరాస్ పేటలో పీతలు ఒలిచే ఆడవాళ్లుండేవారు. మగవాళ్లు పట్టుకొస్తే వీళ్లు గుమ్మాల్లో కూర్చుని, ఉడికిన పీత డెక్క విరిచి గుజ్జు పోగుపోగులుగా లాగేవాళ్లు. కళ్లు మాత్రం వీధి మీదే. తర్వాతి రోజుల్లో వాళ్లే సహకార సంఘం పెట్టుకున్నారు. మడ పీతలు జతకట్టడానికి బొరియల్లోంచి బయటికి నడిచే రోజులొస్తే వేట మానెయ్యాలని చట్టముంది. మన కోరంగివాళ్లు కూడా వినవలసిన మాట.

గుడ్ ఫ్రైడే వారంలో మాంసం ముట్టరు కదా, అప్పుడు తోర్తా కపిషాబా చేస్తారు. పీత గుజ్జు, రొయ్యలు, ఆలిచిప్పలు, ఉప్పుచేప, తాటిజాతి చెట్టు మొవ్వ, అన్నీ కలిపి, పైన గుడ్ల నురగ పోసి, ఉల్లి చక్రాలు, ఆలివ్ కాయలు పేర్చి అదే నల్లకుండలో కాలుస్తారు. ఇరుగింటికి, పొరుగింటికి పంపకాలు.

ఒక్కటి మాత్రం నా కడుపులో ఉండిపోయింది. 2015 నవంబరు 5న మినాస్ జెరాయిస్‌లో ఇనప గని వ్యర్థాల ఆనకట్ట తెగింది. ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి, పంతొమ్మిదిమంది చచ్చిపోయారు. ఆ బురద దోసె నది వెంట వందల కిలోమీటర్లు పారి వితోరియాకి ఉత్తరాన సముద్రంలో పడింది. నది మొగ దగ్గర చేపలవేట ఆపించారు. మేం ఓడలకెత్తిన సరుకు తవ్విన సీమ అది. గంగమ్మ మీద బతికినవాడెవడికైనా ఆ వార్త వింటే అన్నం దిగదు.

మీలో ఎవరైనా ఓడెక్కి అటు పోతే, రేవు దగ్గర అమ్మే నకిలీ కుండ కొనకండి. గొయబేరాస్ వెళ్లి ఆ అమ్మల చేతినుంచే తీసుకోండి. బేరమాడకండి. తెచ్చాక, కూర వండేముందు లోపల నూనె రాసి, పొయ్యి మీద పొగలొచ్చేదాకా కాల్చాలి.