జెర్బెరాకు దీపం: ట్యూబులైటు నుంచి ఎల్.ఇ.డి. దాకా

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల పాలీహౌసులలో పూసే జెర్బెరా పూలు పెళ్లి పందిళ్లలో మనమందరం చూసినవే. ఆ తోటల్లో నాటే జెర్బెరా మొక్క చాలావరకు విత్తనం నుంచి వచ్చింది కాదు. టిష్యూ కల్చర్ గదిలో, సీసాలో, దీపం వెలుగులో పెరిగి వచ్చింది. ఆ దీపం చరిత్రే ఈ వ్యాస విషయం.

1962లో అమెరికాలో మురాషిగే, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు మొక్క ముక్కలు పెరగడానికి తగిన పోషక ద్రవాన్ని తయారుచేశారు. నేటికీ ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడేది దానినే. 1974లో మురాషిగే, ఆయన సహచరులు జెర్బెరాను ఈ పద్ధతిలో వేల సంఖ్యలో పెంచవచ్చునని చూపించారు. పోషకం దొరికింది సరే, ఎండ మాటేమిటి? సీసాలను ఎండలో పెడితే ఉడికిపోతాయి. మామూలు బల్బుకు వేడి ఎక్కువ. 1938లో మార్కెట్లోకి వచ్చిన ట్యూబులైటు అంత వేడెక్కదు, వెలుగు సమంగా పరచుకుంటుంది. అందుచేత ఇనుప అరలు ఒకదానిపై ఒకటి పేర్చి, ప్రతి అర నెత్తిన ట్యూబులు బిగించారు. రోజుకు 16 గంటలు వెలుగు, 8 గంటలు చీకటి, 25 డిగ్రీల చల్లదనం. ఇదీ ఆ గది దినచర్య.

చిక్కల్లా చోకుతో వచ్చింది. మన ఆఫీసుల్లో ఫైళ్ల మీద జుయ్యిమంటూ మోగిన ఆ రాగి చోకును ఎవరు మరచిపోతారు! 40 వాట్ల ట్యూబుకు చోకుతో కలిపి 50 వాట్లకు పైగానే ఖర్చయ్యేది. ఆ వేడిని బయటికి తోలడానికి ఏ.సి. కరెంటు వేరే.

విచిత్రమేమంటే, పోషక ద్రవం వచ్చిన ఆ 1962లోనే నిక్ హోలోన్యాక్ ఎర్రని ఎల్.ఇ.డి.ని కనిపెట్టారు. అయినా అది మొక్క దాకా రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది. అమెరికాలోని విస్కాన్సిన్ శాస్త్రవేత్తలు అంతరిక్షంలో పంటల కోసం ఎర్ర ఎల్.ఇ.డి.ల కింద లెట్యూస్ ఆకుకూరను పెంచి, 1991లో ఫలితాలు ప్రకటించారు. ఎరుపు ఒక్కటే అయితే మొలక సన్నగా సాగిపోతుంది, నీలం కూడా కావాలి. నీలి ఎల్.ఇ.డి. అప్పటికి సరిగా లేదు కనుక నీలి ట్యూబులైటునే తోడుపెట్టారు. కొత్త కోడలికి పాత అత్తగారు సాయం వచ్చినట్టు! 1993లో జపానులో షుజి నకమురా ప్రకాశవంతమైన నీలి దీపం చేయడంతో ఆ కొరత తీరింది. 2014లో అకసాకి, అమానోలతో పాటు ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మన దేశంలో ప్రభుత్వం కొన్న ఎల్.ఇ.డి. బల్బు ధర 2014 జనవరిలో 310 రూపాయలుంటే 2016 నాటికి 38కి దిగింది. ఇక లెక్క చూడండి. ఒక అరకు నాలుగు ట్యూబులు, 16 గంటలు వెలిగితే రోజుకు 3.2 యూనిట్లు. 20 వాట్ల ఎల్.ఇ.డి. గొట్టాలైతే సుమారు 1.3 యూనిట్లు. ఫ్లాటులో కొత్తిమీర, మెంతి పెంచుకునేవారికి ఊదారంగు దీపాలే అక్కరలేదు, మామూలు తెల్ల ఎల్.ఇ.డి. చాలు.

అయితే నాకు కరెంటు బిల్లుకన్నా పెద్దగా తోచేది పాదరసం. ప్రతి ట్యూబులోనూ, సి.ఎఫ్.ఎల్.లోనూ అది కొన్ని మిల్లీగ్రాములుంటుంది. ఎల్.ఇ.డి.లో ఉండదు. 1908 మూసీ వరద తరువాత కట్టిన గండిపేట (1920), హిమాయత్‌సాగర్ (1927) చెరువులలోకి ఈ రెండు మండలాల్లోని చాలా ఊళ్ల వాననీరు చేరుతుంది. నగరం ఆ నీరు తాగింది. వాటి కోసమే 1996లో జీవో 111 వచ్చి 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలను వద్దన్నది. 2022లో జీవో 69 దాని స్థానంలోకి వచ్చింది.

2023లో మినమాటా ఒప్పందపు దేశాలు 2027 చివరికి ట్యూబులైట్ల తయారీ ఆపాలని తీర్మానించాయి. తయారీ ఆగినా, విప్పి మూలన పెట్టిన పాత ట్యూబులు మిగిలే ఉంటాయి. 2016 నాటి ఇ-వ్యర్థాల నిబంధనలలోనే వాటిని చేర్చారు. కాబట్టి పగలగొట్టకుండా అట్టపెట్టెలో పెట్టి ఇ-వ్యర్థాలు తీసుకునేవారికే ఇవ్వాలి. చెత్తకుప్పలో గానీ, వాగు గట్టున గానీ వేయరాదు.