శాంతి బర్ధన్: బొమ్మలాట నేర్పిన పాఠం

నర్తకుడు పోతే అతని నాట్యమూ పోతుందంటారు. శాంతి బర్ధన్ విషయంలో అలా జరగలేదు. ఎందుకు జరగలేదో మనం ఆలోచించాలి.

కొమిల్లాలో పుట్టిన బర్ధన్ అల్మోరాలోని ఉదయశంకర్ నాట్యకేంద్రంలో పనిచేశాడు. 1943లో కరువు బెంగాలును శ్మశానం చేసింది. మరుసటి యేడు అతడు బొంబాయిలో ఇప్టా కేంద్రదళానికి నృత్య దర్శకుడయ్యాడు. ‘స్పిరిట్ ఆఫ్ ఇండియా’ (1944), ‘ఇండియా ఇమ్మోర్టల్’ (1945) ఆ దళం ప్రదర్శించిన నృత్యరూపకాలు. దేవతలు నడిచే రంగస్థలం మీదికి ఆకలిగొన్న రైతు వచ్చాడు.

1952లో లిటిల్ బాలే ట్రూప్ స్థాపించి, బర్ధన్ రామాయణం చేపట్టాడు. ఆకలి నుంచి పురాణానికి పోవడం వెనుకడుగు కాదా? ఇతివృత్తాన్ని మాత్రమే చూసేవారికి అలాగే తోస్తుంది. రూపాన్ని కూడా చూడాలి. అందులో నటులంతా బొమ్మలు. ముఖానికి ముసుగు, అవయవాలకు బొమ్మల బిగువు. మన పల్లెల్లో తోలుబొమ్మల రామాయణం చూసినవారికి యీ పద్ధతి కొత్త కాదు. ముఖం కనబడని చోట వ్యక్తి ప్రతాపానికి తావులేదు. పక్కవాడితో అడుగు కలవకపోతే కథే నడవదు. సమష్టి అన్న మాట యిక్కడ నినాదం కాదు, నాట్యసూత్రం.

క్షయవ్యాధి 1954లో బర్ధన్‌ను బలిగొంది. అసంపూర్తిగా మిగిలిన ‘పంచతంత్రం’ను బృందమే పూర్తిచేసింది. భార్య గుల్ బర్ధన్ 2010లో మరణించేవరకు ఆ బృందాన్ని నిలబెట్టింది. అతడు శిష్యులకు తన ముఖాన్ని కాక, కలిసి పనిచేసే పద్ధతిని యిచ్చిపోయాడు. నాట్యం బ్రతికింది అందువల్లనే.