సెన్సర్ వైశాల్యం – స్వతంత్ర చలనచిత్ర నిర్మాణం: ఒక చారిత్రక పరిశీలన

చలనచిత్ర చరిత్రను దర్శకుల చరిత్రగా, నటుల చరిత్రగా, కథల చరిత్రగా రాయడం తెలుగులో స్థిరపడిన పద్ధతి. చిత్రం దేనిమీద నమోదైంది, ఆ నమోదుకు ఎంత ఖర్చయింది, ఆ ఖర్చు ఎవరిని స్టూడియో గుమ్మం బయట నిలబెట్టింది అన్న ప్రశ్నలను సాంకేతిక నిపుణులకు వదిలివేసి సాహిత్య పరిశోధకులు ముందుకు సాగుతుంటారు. కాని ఒక ప్రాంతపు మాట, ఒక వాడలోని మనుషుల ముఖాలు తెరమీదికి రావడానికీ ఈ ప్రశ్నలకూ దగ్గరి సంబంధం ఉంది. 1995 నుంచి సుమారు రెండు దశాబ్దాలలో చవక డిజిటల్ కెమెరాలు చిన్న చిత్రాలు తీసేవారి చేతికి చేరిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ క్రమంలో పిక్సెళ్ల సంఖ్యకు దక్కిన ప్రచారం ఎక్కువ. నిజమైన మలుపు తెచ్చినది సెన్సర్ వైశాల్యం అని ఇక్కడి ప్రతిపాదన.

పరిభాష విషయంలో ఒక వివరణ అవసరం. తెలుగు సినీ వ్యవహారంలో ‘సెన్సార్’ అంటే చిత్రానికి ధ్రువపత్రం ఇచ్చే మండలి. కెమెరాలో కాంతిని విద్యుత్తుగా మార్చే పలకను కూడా అదే వర్ణక్రమంతో రాయడం కద్దు. ‘సెన్సార్ సమస్య’ అన్న మాట చదివిన పాఠకుడికి కత్తెర గుర్తుకు వస్తుందే తప్ప సిలికాన్ గుర్తుకు రాదు. అందువల్ల రెండవ అర్థంలో ఇక్కడ ‘సెన్సర్’ అని హ్రస్వంతో వాడడం జరిగింది.

ముడి ఫిల్ము లెక్క

35 మి.మీ. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల వేగంతో నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండు గంటల చిత్రానికి 10,800 అడుగులు. తెరమీద కనిపించే ప్రతి నిమిషానికీ పది నిమిషాలు చిత్రీకరించారనుకుంటే 1,08,000 అడుగులు, అంటే 400 అడుగుల డబ్బాలు 270 కావాలి. ఒక్కొక్క డబ్బా నాలుగున్నర నిమిషాలలోపే అయిపోతుంది. కొనడం, కడగడం, ముద్రించడం అన్నీ అడుగుల లెక్కే. ఈ లెక్క నటనను కూడా శాసించింది. అనుభవం లేని నటుడికి ఇరవై టేకులు ఇవ్వగల స్థోమత చిన్న నిర్మాతకు ఉండదు. మొదటి రెండు టేకులలో పని ముగించగల నటుడే అతనికి కావాలి. కెమెరాకు అలవాటు పడని సామాన్యులు తెరకు దూరంగా ఉండడానికి అభిరుచి ఒక్కటే కారణం కాదు. ఫిల్ము ధర కూడా కారణమే.

ఈ లెక్కను మొదట కదిలించినది వీడియో టేపు. 1995లో సోనీ సంస్థ విడుదల చేసిన డీసీఆర్-వీఎక్స్1000 చేతిలో ఇమిడే కెమెరా. డీవీ టేపుమీద డిజిటల్‌గా నమోదు చేసుకుని, ఆ దృశ్యాన్ని నాణ్యత తగ్గకుండా తీగద్వారా కంప్యూటరుకు పంపే వీలు దానితో సామాన్య వినియోగదారుకు అందింది. అదే సంవత్సరం డెన్మార్క్ దర్శకులు లార్స్ వాన్ ట్రయర్, థామస్ వింటర్‌బర్గ్ ‘డాగ్మె 95’ నియమావళిని ప్రకటించారు. అందులో చిత్రం అకాడమీ 35 మి.మీ. ఫార్మాట్‌లో ఉండాలన్న నియమం కూడా ఉండడం గమనార్హం. వింటర్‌బర్గ్ తన ‘ఫెస్టెన్’ చిత్రాన్ని ఛాయాగ్రాహకుడు ఆంథొనీ డాడ్ మాంటిల్‌తో చిన్న వీడియో కెమెరామీద తీసి, తరువాత 35 మి.మీ.కి మార్చాడు. అంటే ఆ నియమాన్ని చిత్రీకరణకు వదిలి ప్రదర్శనకు పరిమితం చేసుకున్నారు. 1998లో కాన్ ఉత్సవంలో ఆ చిత్రానికి జ్యూరీ బహుమతి లభించింది. ఇదే ఛాయాగ్రాహకుడు 2002లో డానీ బాయిల్ ‘28 డేస్ లేటర్’ చిత్రంలో అత్యధిక భాగాన్ని కెనాన్ ఎక్స్ఎల్1 అనే డీవీ కెమెరాతో తీశాడు. నిర్మానుష్యమైన లండన్ వీధులను చూపడానికి తెల్లవారుజామున కొద్ది నిమిషాలు మాత్రమే రాకపోకలను ఆపగలిగిన పరిస్థితిలో, త్వరగా అమర్చగల తేలిక కెమెరాలను ఒకేసారి అనేకం నిలపడం అక్కరకు వచ్చింది.

గోరంత పలక

ఈ చిత్రాలలోని మసక, రేణువుల వంటి మచ్చలు కథకు నప్పాయి. కుటుంబ విందులో బయటపడే రహస్యానికీ, మహమ్మారి తరువాతి నగరానికీ ఆ రూపం కుదిరింది. అన్ని కథలకూ కుదరదు. డీవీ కెమెరాలలోని సెన్సర్ సుమారు 4.8 మి.మీ. వెడల్పు, 3.6 మి.మీ. ఎత్తు గలది, వైశాల్యం 17 చదరపు మి.మీ.కి కొంచెం ఎక్కువ. చిటికెనవేలి గోటికంటె చిన్నది. 36 మి.మీ. వెడల్పు గల పలకమీద 50 మి.మీ. లెన్సు ఇచ్చే దృశ్యకోణం ఈ చిన్న పలకమీద రావాలంటే సుమారు 7 మి.మీ. లెన్సు వాడాలి. అంత పొట్టి లెన్సులో దగ్గరి ముఖం, వెనుక గోడ, గోడమీది క్యాలెండరు అన్నీ దాదాపు ఒకే స్పష్టతతో కనిపిస్తాయి. ప్రేక్షకుడి చూపును ఫోకస్‌తో ఒక ముఖంమీదికి మళ్లించే సాధనం దర్శకుడికి అందదు. పైగా వైశాల్యం తక్కువ కావడం వల్ల పోగయ్యే కాంతి తక్కువ; చీకటి గదిలో మచ్చలు పెరుగుతాయి. వీడియోలో తీసిన చిత్రాన్ని ‘సీరియల్‌లా ఉంది’ అని ప్రేక్షకుడు తోసిపుచ్చడానికి మూలం చాలావరకు ఈ రెండు లక్షణాలలోనే ఉంది. ఇక మూడవది కదలిక. 2002లో పానసోనిక్ ఏజీ-డీవీఎక్స్100 సెకనుకు 24 పూర్తి ఫ్రేములు నమోదు చేసే సౌకర్యం తెచ్చి ఆ కొరతను తీర్చింది. వైశాల్యం మాత్రం అక్కడే నిలిచిపోయింది.

దీనికి చేతిపనివారు వెదికిన ఉపాయం విచిత్రమైనది. కెమెరా ముందు గరుకు అద్దాన్ని నిలిపి, ఛాయాచిత్రాల కెమెరా లెన్సుతో దానిమీద పెద్ద బింబం పడేలా చేసి, ఆ బింబాన్ని చిన్న కెమెరాతో తిరిగి చిత్రించేవారు. కాంతి నష్టమయ్యేది, బింబం తలకిందులుగా వచ్చేది, పరికరం మూరెడు పొడవయ్యేది. అయినా వాడారు. పెద్ద పలకకోసం చిన్న నిర్మాతలు ఎంతగా పరితపించారో తెలియడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

పెద్ద సెన్సర్ ఎందుకు దొరకలేదన్నది అసలు ప్రశ్న. 1969లో బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించిన సీసీడీ (ఆ కృషికి 2009లో నోబెల్ లభించింది) ప్రతి గడిలో కాంతివల్ల చేరిన విద్యుదావేశాన్ని పక్క గడికి, అక్కడినుంచి ఆ పక్క గడికి అందిస్తూ చివరికి ఒక్క ద్వారంవద్ద కొలుస్తుంది. ఇల్లు అంటుకున్నప్పుడు బావి దగ్గరినుంచి వరుసగా నిలబడి నీళ్ల బిందెలు చేతులు మార్చడం వంటి పని ఇది. వరుస పెరిగిన కొద్దీ సమయం, విద్యుత్తు రెండూ ఎక్కువ కావాలి. 1990లలో అమెరికా అంతరిక్ష పరిశోధన కేంద్రమైన జేపీఎల్‌లో ఎరిక్ ఫాసమ్ బృందం అభివృద్ధి చేసిన సీమాస్ సెన్సర్‌లో ప్రతి గడికీ తన సొంత వర్ధకం ఉంటుంది. దీనిని సాధారణ చిప్పుల కర్మాగారాల్లోనే తయారు చేయవచ్చు. విద్యుత్తు ఖర్చు తక్కువ, వేడి తక్కువ.

అయినా సిలికాన్ పలక పెరిగే కొద్దీ ధర అంతకుమించి పెరుగుతుంది. ఒక వేఫర్‌నుంచి వచ్చే పెద్ద పలకలు కొన్నే, వాటిలో ఏ ఒక్క లోపమున్నా మొత్తం పలక పనికిరాదు. ఆ ధరను భరించే శక్తి చిన్న చిత్రాల మార్కెట్టుకు లేదు. 2007లో వచ్చిన రెడ్ వన్ కెమెరాలో సినిమా ఫిల్ముకు సమానమైన సెన్సర్ ఉన్నా, దాని ధర లెన్సులు లేకుండానే 17,500 డాలర్లు. ధర దిగివచ్చినది మరో వృత్తి పుణ్యమా అని: నిశ్చల ఛాయాచిత్రాల వృత్తి.

2008: పక్కింటి సరుకు

2008 ఆగస్టులో నికాన్ డీ90, సెప్టెంబరులో కెనాన్ ఈవోఎస్ 5డీ మార్క్ 2 ప్రకటించబడ్డాయి. రెండూ ఫొటోలు తీసే కెమెరాలు. వీడియో వాటిలో అదనపు సౌకర్యం. 5డీలో ఆ సౌకర్యం వార్తా ఛాయాగ్రాహకులను దృష్టిలో పెట్టుకుని చేర్చినది. దాని సెన్సర్ 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు; వైశాల్యం 864 చదరపు మి.మీ. డీవీ సెన్సర్‌కు సరిగ్గా యాభై రెట్లు, సినిమా ఫిల్ము ఫ్రేముకు కూడా దాదాపు రెండు రెట్లు. అమెరికాలో ధర 2,699 డాలర్లు. చిన్న చిత్రాల వారికోసం ఎవరూ తయారు చేయని సరుకు వారికి అన్నిటికంటె ఎక్కువగా ఉపకరించడం ఈ చరిత్రలో ప్రధాన సంఘటన.

ఎవరూ వారికోసం తయారు చేయలేదు గనుక లోపాలకు కొదవ లేదు. మొదట సెకనుకు 30 ఫ్రేములు మాత్రమే. సినిమాకు కావలసిన 24 ఫ్రేములు 2010 మార్చిలో విడుదలైన ఫర్మ్‌వేర్‌తో వచ్చాయి. 2.1 కోట్ల పిక్సెళ్లలో వీడియోకు అవసరమైనవి సుమారు 20 లక్షలు. మొత్తాన్ని సకాలంలో చదివే వేగం లేక కెమెరా మధ్యమధ్య వరుసలను వదిలివేసేది. అందువల్ల జరీ అంచు, గళ్ల చొక్కా, పెంకుల కప్పు వంటివి లేని రంగులతో అలలుగా మెరిసేవి. సెన్సర్‌ను పైనుంచి కిందికి వరుసగా చదవడంవల్ల కెమెరా వేగంగా తిరిగితే కరెంటు స్తంభాలు ఒరిగి కనిపించేవి. నాలుగు గిగాబైట్లు, అంటే సుమారు పన్నెండు నిమిషాలు దాటితే నమోదు ఆగిపోయేది. తరువాతి కెమెరాలలో ఆ హద్దు 29 నిమిషాల 59 సెకన్లకు స్థిరపడడానికి సాంకేతిక కారణం లేదు: అరగంట నమోదు చేయగల పరికరాన్ని ఐరోపా సుంకశాఖ వీడియో కెమెరాగా లెక్కించి పన్ను వేసేది.

పిక్సెళ్ల లెక్క ఎంత అప్రధానమో ఇక్కడే తేలుతుంది. రెండు కోట్ల పిక్సెళ్లు ఉన్నా వీడియోకు అక్కరకు వచ్చినవి కొన్నే. ప్రేక్షకుడు గుర్తించినది మాత్రం పెద్ద పలక ఇచ్చిన రూపాన్ని. 2014లో సోనీ ఏ7ఎస్ కెమెరా అదే వైశాల్యంలో 1.2 కోట్ల పిక్సెళ్లనే ఉంచి, మసక వెలుతురులో చిత్రీకరణకు పేరు తెచ్చుకుంది.

లోపాలను దిద్దే పనిని వాడకందారులే మొదలుపెట్టారు. 2009లో ట్రామెల్ హడ్సన్ ప్రారంభించిన ‘మేజిక్ లాంటర్న్’ అనే ఉచిత ప్రోగ్రాం 5డీలో తయారీదారు ఇవ్వని సౌకర్యాలను తెరిచింది. 2013లో కుదింపు లేని రా వీడియోను సైతం రాబట్టింది. పరికరం కొన్నవాడు దానిలో దాగిన శక్తిని తానే వెలికి తీసుకున్న ఈ ఘట్టాన్ని కంపెనీల చరిత్రలు చిన్న అక్షరాలతో సరిపెడతాయి. ఆపై కంపెనీలు కూడా దిగివచ్చాయి. 2012లో బ్లాక్‌మ్యాజిక్ సంస్థ 2,995 డాలర్లకు, మరుసటి ఏడాది 995 డాలర్లకు, రంగులు దిద్దుకోవడానికి అనువైన నమోదు ఇచ్చే సినిమా కెమెరాలను ప్రకటించింది. లీనా డనమ్ ‘టైనీ ఫర్నిచర్’ (2010) కెనాన్ 7డీతోనూ, షాన్ బేకర్ ‘టాంజరీన్’ (2015) మూడు ఐఫోన్లతోనూ తయారయ్యాయి.

తెలుగు తెర, తెలుగు మాట

తెలుగులో 5డీ తొలి ప్రముఖ ప్రవేశం స్వతంత్ర చిత్రంతో జరగలేదు. 2011లో రామ్‌గోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ను రవితేజ వంటి తారతో ఐదు రోజులలో, అతి చిన్న బృందంతో ఈ కెమెరాలమీద తీశారు. ప్రచారమంతా వేగం చుట్టూ, పొదుపు చుట్టూ నడిచింది. చవక కెమెరా కొత్త ముఖాలను, కొత్త వాడలను దానంతటదే తెరమీదికి తెస్తుందన్న ఆశకు ఈ చిత్రం మంచి హెచ్చరిక. పరికరం మారింది, తార, కథ తీరు, పంపిణీ మారలేదు.

ఈ కెమెరాలు జిల్లాలకు చేరిన దారి మరొకటి: పెళ్లి ఫొటో స్టూడియోలు. లగ్గసరిలో డబ్బు సంపాదించిన కెమెరా మూఢంలో ఖాళీగా ఉంటుంది. లఘుచిత్రం తీయదలచిన కుర్రవాడికి స్నేహంమీదనో, కొద్దిపాటి అద్దెమీదనో దొరికేది అదే. ఆ లఘుచిత్రాలలో కనిపించే మితిమీరిన ఫోకస్ మార్పులు, వెనుకనున్నదంతా మసకబార్చే అలవాటు చూసి విసుక్కోవచ్చు. దశాబ్దంపాటు అందని వస్తువు చేతికందినప్పుడు దానిని అవసరానికి మించి వాడడం సహజమే. అయితే ఆ మసకలో వీధి, ఊరు కూడా మాయమవుతాయి. స్థానికతను చూపదలచిన చిత్రానికి అది లాభమా అన్నది వేరే చర్చ.

బింబం చవకయ్యాక భారం ధ్వనిమీద పడింది. 5డీలో మొదట శబ్దస్థాయిని చేతితో నియంత్రించే వీలు లేదు. హెడ్‌ఫోను పెట్టి వినడానికి రంధ్రం కూడా లేదు. ధ్వనిని వేరే రికార్డరుతో నమోదు చేసి తరువాత కలుపుకోవలసి వచ్చేది. తరువాత డబ్బింగ్ చెప్పించడం రివాజైన తెలుగు పరిశ్రమకు ఇది లోపంగా తోచకపోవచ్చు. కాని డబ్బింగ్ గదిలో ముందుగా చెరిగిపోయేది మాండలికమే. నటుడి ముఖం ఒక ఊరిది, గొంతు మరో ఊరిది అవుతుంది. 2018లో వెంకటేశ్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’లో విశాఖపట్నంలోని ఆ పేటవాసులే అధికంగా నటించారు, సంభాషణలు చిత్రీకరణ స్థలంలోనే నమోదయ్యాయి. అలవాటు లేని నటులతో పదేపదే టేకులు తీసుకోగలగడం ఫిల్ము లెక్క తొలగినందువల్ల సాధ్యమైనది. ఉత్తరాంధ్ర పలుకు యథాతథంగా వినిపించడం మాత్రం సెన్సర్ ఇచ్చినది కాదు. మైకు పట్టుకుని నిలబడ్డ మనిషికి, ఫ్యాన్లు ఆపించి వీధి సద్దుమణిగేదాకా ఆగిన ఓర్పుకు దక్కిన ఫలితం అది.

2021లో వచ్చిన ప్రవీణ్ కండ్రేగుల ‘సినిమా బండి’ కర్ణాటక సరిహద్దు తెలుగులో సాగుతుంది. ఆటో నడిపే వీరబాబుకు తన బండిలో ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. ఊళ్లో పెళ్లిళ్లకు ఫొటోలు తీసే గణపతిని ఛాయాగ్రాహకుడిగా కుదుర్చుకుని అతడు సినిమా తీయడానికి పూనుకుంటాడు. కెమెరాలు చవకయ్యాయన్న మాట మొదలై పన్నెండేళ్లు దాటిన తరువాత కూడా ఈ కథలో ఆ ఊరివారు కెమెరాను కొనలేదు; అది వారికి దొరికింది. దాని సొంతదారు దానికోసం వెదుకుతూనే ఉంటుంది.