శస్త్రవైద్య పరిశోధన: ఆటంకాలు, ఊతం

శస్త్రవైద్యులు చికిత్సతో పాటు పరిశోధన చేయడానికి అడ్డుపడేవేమిటి, తోడ్పడేవేమిటి అన్న చర్చ 1996లో పదునెక్కింది. శస్త్రవైద్య పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో దాదాపు సగం రోగుల వరుస వివరాలేననీ, రోగులను లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీసి పోల్చే యాదృచ్ఛిక పరీక్షలు చాలా తక్కువనీ ఆ ఏడాది లాన్సెట్ సంపాదకుడు రిచర్డ్ హోర్టన్ విమర్శించారు.

అన్నిటికన్నా పెద్ద ఆటంకం తీరిక లేకపోవడం. భారతదేశంలో ఎం.ఎస్. విద్యార్థి మూడేళ్ల కోర్సులో థీసిస్ సమర్పించాలి. ఓపీ, వార్డు రౌండ్లు, థియేటర్, రాత్రి ఎమర్జెన్సీ డ్యూటీ పోగా మిగిలిన వేళల్లోనే ఆ పని. రోగులు తిరిగి రాకపోవడం మరో ఆటంకం. కుట్లు విప్పించుకుని ఊరెళ్లిన రోగి నెల తర్వాత మళ్లీ రావాలంటే బస్సు ఛార్జీతో పాటు ఆనాటి కూలీ కూడా పోతుంది. రాకపోతే గాయం మానిందో చీము పట్టిందో కేస్‌షీటులో రాయడానికేమీ ఉండదు. ఇందుకు రోగినో, జూనియర్ డాక్టరునో తప్పుపట్టడం అన్యాయం.

చికిత్సను పోల్చి చూడటమూ కష్టమే: మాత్రకు బదులు ఉత్తుత్తి మాత్ర ఇచ్చినంత తేలిగ్గా ఉత్తుత్తి ఆపరేషన్ చేయలేరు. అయినా హ్యూస్టన్‌లో 180 మంది మోకాలి కీళ్లనొప్పి రోగులపై వైద్యులు ఆ సాహసం చేశారు. కేవలం చర్మంపై కోత పెట్టినవారికీ, ఆర్థ్రోస్కోపీ చేసినవారికీ ఉపశమనంలో తేడా లేదని 2002లో తేలింది.

ఆసుపత్రులు జట్టుకట్టడం గట్టి ఊతం. బ్రిటన్‌లో శిక్షణలోని సర్జన్లే నడిపిన ‘రొసీనీ’ అనే బహుళ ఆసుపత్రుల పరీక్షలో 760 మంది రోగులు చేరారు. భారత్ సహా ఏడు దేశాల్లో 5,788 మందితో సాగిన ‘ఫాల్కన్’ అనే పరీక్ష ఫలితాలు 2021లో వెలువడ్డాయి. ఖరీదైన చర్మశుద్ధి ద్రావణం, మందు పూసిన కుట్టుదారం మామూలువాటికన్నా ఆపరేషన్ గాయపు ఇన్‌ఫెక్షన్లను ఎక్కువగా తగ్గించలేదని అది చూపింది.