చేవ్రాలు, జాబు

1933 నవంబరులో వార్ధానుండి బయలుదేరి గాంధీజీ తొమ్మిది నెలలపాటు హరిజనోద్ధరణకై దేశమంతయు పర్యటించిరి. రైలుమీదను, మోటారుమీదను, కాలినడకను ఆయన సంచరించినది సుమారు 12,500 మైళ్లు. ప్రోగుపడిన విరాళము సుమారు 8 లక్షల రూపాయలు. ఆ డిసెంబరులో యాత్ర ఆంధ్రదేశమునను సాగినది. స్త్రీలు చేతులనుండి తీసియిచ్చిన గాజులు, వేలము వేయబడిన సన్మానపత్రములు, పేదవారి కానులు, అన్నియు చేరి ఆ నిధి యైనది. మరియొక రాబడియు గలదు. గాంధీజీ చేవ్రాలు కోరినవారు హరిజన నిధికి అయిదు రూపాయలు చెల్లింపవలెను. ఆనాడు అయిదు రూపాయలు తక్కువ సొమ్ము కాదు. తన పేరునకు వెల గలదని యెరిగి, ఆ వెల తనకుగాక మరియొకరికి ముట్టునట్లు చేసిన బేరమిది.

ఆ చేవ్రాలు అందమైనది కాదని అందరికంటె బాగుగా ఎరిగినవాడు దాని కర్తయే. చేతివ్రాత బాగుండకపోవుట చదువు అసంపూర్ణమనుటకు గురుతని తన ఆత్మకథలో ఆయన ఒప్పుకొనిరి. దక్షిణాఫ్రికాలో న్యాయవాదులును, అచట పుట్టి చదువుకొన్న యువకులును ముత్యములవంటి అక్షరములు వ్రాయుట చూచి సిగ్గుపడిరట. దిద్దుకొనుటకు కాలము మించిపోయినది. 1909 నవంబరులో ఇంగ్లండునుండి మరలి వచ్చుచు ఓడమీద ‘హింద్ స్వరాజ్’ వ్రాయుచుండగా కుడిచేయి అలసిపోయినది, ఎడమచేతితో సాగించిరి. 275 పుటల వ్రాతప్రతిలో సుమారు 40 పుటలు ఎడమచేతివి. అక్షరముల సొగసుకొరకు కలము పట్టినవాడు కాడు.

పేరుగల వారి వ్రాతను దాచుకొనుట ఒక్కొక్కప్పుడు చరిత్రకు గొప్ప మేలు చేయును. 1947 జూన్ 2వ తేది సోమవారము. దేశవిభజన పథకమును గూర్చి మాటలాడుటకు మౌంట్ బాటన్ వద్దకు గాంధీజీ వచ్చిరి. సోమవారము ఆయనకు మౌనదినము. వాడిన కవరుల వెనుకప్రక్కన తాను చెప్పదలచినది పెన్సిలుతో వ్రాసి యందించిరి. ఆయన వెడలినపిదప మౌంట్ బాటన్ ఆ కాగితపు ముక్కలను ఏరి భద్రపరచెను. చెత్తబుట్టకు పోవలసిన ముక్కలవి. వానిని దాచినవాని ఉద్దేశ మేమైనను, ఆనాటి మౌనము నేటికిని చదువుకొనుటకు వీలుగా నున్నది.

అయితే చేవ్రాలు కోరువానికిని, జాబు కోరువానికిని భేదము గలదు. మొదటివానికి కావలసినది కాగితము అడుగుభాగము, రెండవవానికి పైభాగము. 1956లో భారత ప్రభుత్వము గాంధీజీ రచనలన్నింటిని సంపుటములుగా వెలువరింప సంకల్పించినప్పుడు సంపాదకులు పూనినది ఈ రెండవ పని. 1960లో ప్రధాన సంపాదకత్వము వహించిన కె. స్వామినాథన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆంగ్లాచార్యులుగా నుండినవారు. ఆయన హయాములోనే ఆ గ్రంథమాల సింహభాగము వెలువడినది. 1994 నాటికి నూరవ సంపుటము వచ్చినది. ఒక్కొక్క జాబు క్రిందను చిన్న అక్షరములతో ఒక పంక్తి యుండును: మూలము ఎచటిది, ఛాయాచిత్రప్రతి సంఖ్య యెంత, ఎవరి సౌజన్యమున లభించినది అని. చదువరులు సాధారణముగా ఆ పంక్తిని దాటిపోవుదురు. దాటరాదు. పెట్టె అడుగున చీరమడతలలోనో, దస్తావేజుల నడుమనో ఒక పోస్టుకార్డును ఏండ్లతరబడి కాపాడిన యింటివారి పేరు అచట దక్కవచ్చును. నకలు తీయనిచ్చి మూలమును తమయొద్దనే యుంచుకొన్నవారును గలరు. అందుచేత కాగితము ఏమైనను మాట దేశమునకు దక్కినది.

అనువాదకులకు ఆ సంపుటములలో మరియొక వినోదము గలదు. గుజరాతీ జాబులను ఆంగ్లీకరించినవారు ‘చి.’ అను సంబోధనకు సమానపదము దొరకక దానిని అట్లే వదలివేసిరి. మనవారు తెనిగించునప్పుడు ఆ చిక్కు లేదు. ‘చి.’ మన జాబులలోను చిరంజీవియే. ఆంగ్లమునకు పోయి మరల తెలుగునకు వచ్చిన గుజరాతీ మాట, ఆ యొక్క అక్షరము చోట మాత్రము, ఇల్లు చేరినట్లుండును.

వేలపాట వేయువారి పద్ధతి వేరు. 2007లో లండనులో ఒక గాంధీ వ్రాతప్రతి అమ్మకమునకు వచ్చినది. 1948 జనవరి 11వ తేదీది, అనగా మరణమునకు పందొమ్మిది దినములకు ముందు వ్రాసినది. ఉర్దూ ‘హరిజన్’ పత్రికను గూర్చినది. ప్రభుత్వము జోక్యము కలిగించుకొని పాట జరుగకమునుపే దానిని కొనెను. 2012లో మరల అట్లే జరిగినది. జొహాన్నెస్‌బర్గు వాస్తుశిల్పి హెర్మన్ కాలెన్‌బాక్ 1910లో టాల్‌స్టాయ్ క్షేత్రమునకు 1,100 ఎకరముల నేల నొసగిన మిత్రుడు. ఆయన వంశీకుల వద్దనుండిన పత్రములు వేలమునకు పోనున్నవని తెలిసి, సుమారు 7 లక్షల పౌండ్లు వెచ్చించి ప్రభుత్వము వానిని తెప్పించి ఢిల్లీలో జాతీయ అభిలేఖాగారమున నుంచెను. అయిదు రూపాయల చేవ్రాలు ఎచటికి చేరినదో చూడవచ్చును. సొమ్ము వృథాయని యనరాదు. ప్రైవేటు బీరువాలో తాళము పడిన జాబును అడిగి చదువుటకు ఎవరికిని హక్కు లేదు. కాని ఆ పెట్టెలలో ఏ వెలకును దొరకని దొకటి కలదు. కాలెన్‌బాక్ గాంధీజీకి వ్రాసిన తొలినాటి జాబులు లేవు. ఇతరుల కంటబడరాదను మిత్రుని కోరికను మన్నించి గాంధీజీయే వానిని నాశనము చేసిరి. సంభాషణలో ఒక గొంతుకయే మిగిలినది, రెండవదానిని ఊహించుకొనవలసినదే.

ఆ రెండవ గొంతుకకు వేలములో వెల లేదు. జాబు అందుకొన్నవాని వ్రాత యెవరికి కావలెను? ఈ ప్రశ్నకు గుంటూరు దేశభక్త కొండా వెంకటప్పయ్య పంతులుగారి కథ ఒక జవాబు. 1922 జనవరిలో పెదనందిపాడు ప్రాంతమున పన్నుల నిరాకరణ సాగుచుండగా, అట్టి పోరాటమునకు విధించిన నియమములు నెరవేరినవా యని హెచ్చరించుచు గాంధీజీ ఆయనకు వ్రాసిరి. ఆ జాబు సంపుటములలో నున్నది, చరిత్రకారు లెరిగినదే.

ఇరువదియారేండ్ల తరువాత జాబు ఇటునుండి అటు పోయినది. స్వరాజ్యము వచ్చి అయిదు నెలలు కాలేదు. ఎనుబది దాటిన వృద్ధుడు, నడువలేని స్థితిలో నున్నవాడు, తన ప్రాంతపు కాంగ్రెసువారి నడవడిని గూర్చి వ్రాసెను. అధికారపు రుచి తలకెక్కినదనియు, శాసనసభ్యులు కొందరు పలుకుబడిని సొమ్ము చేసికొనుచున్నారనియు, న్యాయస్థానముల పనిలో సైతము అడ్డు వచ్చుచున్నారనియు, తెల్లదొరల పాలనయే మేలను మాట జనులనోట వినబడుచున్నదనియు అందలి సారాంశము. జీవితమంతయు ఆ కాంగ్రెసునకే ధారవోసినవాడు ఈ మాటలు వ్రాయుటకు కలము ఎట్లు పట్టెనో!

1948 జనవరి 12వ తేది సాయంకాలము ఢిల్లీ ప్రార్థనసభలో, మరునాటినుండి నిరశనము పూనుచున్నానని ప్రకటించిన ఆ ప్రసంగముననే, గాంధీజీ ఆ జాబును సభకు వినిపించిరి. ఈ మాటలను వినువారు మనస్సున పెట్టుకొనవలెనని కోరిరి. అప్పటికి ఆయన ఆయువు పదునెనిమిది దినములు. వెంకటప్పయ్యగారు 1949లో గతించిరి. ఆయన జాబులోని మాటలు గాంధీ సంపుటములలో తొంబదియవదానియందు, గాంధీజీ ప్రసంగములో భాగముగా, అచ్చయి యున్నవి.