సముద్రగుప్తుడు ఎవరికి గొప్ప?

పోటీ పరీక్షలకు చదివే ఏ విద్యార్థినైనా అడగండి, భారతదేశపు నెపోలియన్ ఎవరని. సముద్రగుప్తుడు అని ఠక్కున చెప్తాడు. ఆ బిరుదు ఎవరిచ్చారంటే విన్సెంట్ స్మిత్ అంటాడు. మార్కు వచ్చేస్తుంది. ఏ ఆధారంతో ఇచ్చాడు, ఆ ఆధారం రాసిందెవరు, అందులో ఎవరి పేర్లున్నాయి, ఎవరివి లేవు అన్న ప్రశ్నలకు మార్కుల్లేవు. ఆ మార్కుల్లేని ప్రశ్నల్నే మేమిక్కడ వేయదల్చుకున్నాం.

స్మిత్ ఐసిఎస్ అధికారిగా పనిచేసినవాడు. 1904లో అచ్చయిన తన ప్రాచీన భారత చరిత్ర గ్రంథంలో సముద్రగుప్తుణ్ణి నెపోలియన్‌తో పోల్చాడు. దేశాన్ని గెలిచి ఏలుతున్న సామ్రాజ్యపు ఉద్యోగికి, గెలిచినవాడే గొప్పవాడుగా కనిపించడంలో వింతేం లేదు. ఆ సామ్రాజ్యంతో పోరాడుతున్నామన్న జాతీయవాద చరిత్రకారులు కూడా ఆ పోలికను కళ్లకద్దుకోవడమే వింత. మనకూ ఒక నెపోలియన్ ఉన్నాడు, మనకూ ఒక స్వర్ణయుగం ఉంది అని చెప్పుకోవడం వాళ్లకు అవసరమైంది. ఆ 'మన'లో అంటరానివాళ్లు, ఆదివాసులు ఉన్నారా అని అప్పట్లో అడిగిందెవరు?

సరే, ఆధారం చూద్దాం. సముద్రగుప్తుడు దాదాపు క్రీ.శ.335 నుంచి 375 దాకా ఏలాడంటారు. అతని దండయాత్రల గురించి మనకు తెలిసిందంతా దాదాపుగా ఒకే ఒక్క శాసనం నుంచి వచ్చింది. అదే అలహాబాదు కోటలోని రాతి స్తంభం మీది ప్రశస్తి. ఫ్లీట్ దీన్ని 1888లో అనువాదంతో సహా ప్రచురించాడు. రాసింది హరిషేణుడు. ఇతను కవి మాత్రమే అనుకునేరు. సంధివిగ్రహికుడు, కుమారామాత్యుడు, మహాదండనాయకుడు. అంటే యుద్ధాలు, ఒప్పందాలు చూసే పెద్ద అధికారి. యజమాని యుద్ధాల గురించి యజమాని కొలువులోని అధికారి రాసిన పొగడ్త ఇది. ఇవాళ ఏ ప్రభుత్వ సమాచార శాఖ కరపత్రాన్నీ మనం ఇంతగా నమ్మం.

ప్రశస్తి చెప్పేదేమిటి? ఆర్యావర్తంలో రుద్రదేవుడు, నాగసేనుడు, గణపతినాగుడు మొదలైన తొమ్మిదిమంది రాజుల్ని వేళ్లతో సహా పెకలించాడు. దక్షిణాపథంలో పన్నెండుమందిని పట్టుకుని, వదిలేసి, అనుగ్రహించాడు. ఈ పన్నెండుమందిలో మనవాళ్లున్నారు. పిష్టపురం రాజు మహేంద్రగిరి - పిష్టపురమంటే పిఠాపురం. వేంగి రాజు హస్తివర్మ - శాలంకాయనుడు, ఏలూరు దగ్గరి పెదవేగి అతని రాజధాని. కంచి విష్ణుగోపుడి దాకా జాబితా పోతుంది. తూర్పు దక్కన్ రాజులంతా కలిసి ఎదిరిస్తే సముద్రగుప్తుడు వెనుదిరిగి పోయాడని జూవో దుబ్రయ్ 1920లో వాదించాడు. అది ఊహే. అయినా, గెలిచిన రాజ్యాలను ఎందుకు వదిలేసి పోయాడన్న ప్రశ్న మిగిలే ఉంది. మన పుస్తకాలు దాన్ని అతని ఔదార్యమంటాయి. పాటలీపుత్రం నుంచి వేంగిని నేరుగా ఏలడం ఆ రోజుల్లో అయ్యే పనేనా? పట్టుకున్న రాజును వట్టి చేతులతో వదిలిపెట్టి ఉంటారా? ఆ రాజు ఇచ్చుకున్నదేదైనా చివరికి పొలంలో పండించినవాడి గాదె నుంచి రావాల్సిందే కదా.

ఇక్కడిదాకా రాజుల గొడవ. రాజులు ఓడితే మనకేం, గెలిస్తే మనకేం అని ఎవరైనా అనొచ్చు. అయితే ప్రశస్తిలో ఇంకో చిన్న వాక్యఖండం ఉంది. అటవీ రాజులందర్నీ పరిచారకులుగా చేసుకున్నాడట. పెకలించిన తొమ్మిదిమందికి పేర్లున్నాయి. వదిలేసిన పన్నెండుమందికి పేర్లూ ఊళ్లూ ఉన్నాయి. కప్పం కట్టిన యౌధేయ, మాళవ, ఆర్జునాయన గణాలకూ పేర్లున్నాయి. అడవివాళ్లకు మాత్రం పేరు లేదు, ఊరు లేదు. 'అందరూ' అన్న ఒక్క మాటతో సరి. వాళ్లను వేళ్లతో పెకలించలేదు, పట్టుకుని వదల్లేదు, అనుగ్రహించనూ లేదు. పనివాళ్లను చేసుకున్నారు. ఓడిన క్షత్రియుడికి సింహాసనం తిరిగి దక్కుతుంది, ఓడిన అడవి మనిషికి చాకిరీ దక్కుతుంది. యుద్ధంలో ఓడిపోవడం కూడా అందరికీ ఒకటి కాదన్నమాట. ఈ అటవీ రాజ్యాలు ఏదో మూలన ఉన్న ఒకటి రెండు గూడేలు కావు. క్రీ.శ.528-29 నాటి ఖోహ్ తామ్రశాసనం, ఇప్పటి మధ్యప్రదేశ్ ప్రాంతంలో, పద్దెనిమిది అటవీ రాజ్యాల గురించి చెప్తోంది.

పేరు లేనివాళ్లు ఇంకా ఉన్నారు. కుషాణుల వారసులు, శకులు, సింహళం, ఇతర దీవులవాళ్లు సముద్రగుప్తుడికి ఏమేం సమర్పించుకున్నారో హరిషేణుడు చెప్పాడు. అందులో కన్యలు ఒక పద్దు. గరుడ ముద్ర వేసిన అనుమతి పత్రాల కోసం వేడుకోవడం ఇంకో పద్దు. రెండూ ఒకే సమాసంలో పక్కపక్కన కూర్చున్నాయి. ఆ ఆడపిల్లలెవరు, ఎంతమంది? హరిషేణుడికి అక్కర్లేదు. అతనికి అక్కర్లేకపోవడం అర్థమవుతుంది. పదహారు వందల ఏళ్ల తర్వాత మన ప్రొఫెసర్లకు కూడా అక్కర్లేకపోవడమే అర్థం కాదు.

ఏ కాలపు మనిషిని ఆ కాలపు కొలతతోనే కొలవాలి అని పెద్దలంటారు. ఒప్పుకుందాం. కొలబద్ద కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, అదే స్తంభం మీద ఉంది. అది అశోకుడి స్తంభం. సముద్రగుప్తుడి కంటే ఆరు వందల ఏళ్ల ముందువాడు. అతని ధర్మ శాసనాలు చెక్కిన రాతి మీదే హరిషేణుడి ప్రశస్తినీ చెక్కారు. కళింగ యుద్ధం గురించి అశోకుడు ఏమన్నాడో ఈ స్తంభం మీద లేదు గానీ, మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉంది. లక్షమంది చచ్చారు, లక్షన్నరమందిని తరలించుకుపోయారు, నేను బాధపడుతున్నాను అన్నది ఆ పదమూడో శాసనం సారాంశం. ఒక రాజు తను చంపినవాళ్లను లెక్కపెట్టి, అది గొప్ప కాదని రాతి మీద రాయించిన సంప్రదాయం ఈ దేశంలో అప్పటికే ఉంది. హరిషేణుడి ప్రశస్తిలో చచ్చినవాళ్ల లెక్కే లేదు. యజమాని ఒంటి మీది గాయాల మచ్చలు మాత్రం ఉన్నాయి, అవీ అందంగా ఉన్నాయట.

అశోకుణ్ణి తెచ్చి ఈ పీఠం మీద కూర్చోబెట్టాలని కాదు మా ఉద్దేశం. ఆ పదమూడో శాసనంలోనే అడవి మనుషులకు హెచ్చరిక ఉంది, పశ్చాత్తాపపడినా నాకు శక్తి ఉందని గుర్తుంచుకోండి అని. పైగా ఆ పశ్చాత్తాపాన్ని దెబ్బతిన్న కళింగంలో, ధౌలి, జౌగడల్లో చెక్కించలేదు. గణరాజ్యాలను నెత్తికెత్తుకోవాల్సిన పని కూడా లేదు. అక్కడా అధికారం కొన్ని కులీన కుటుంబాలదే.

సముద్రగుప్తుడికి న్యాయంగా ఇవ్వాల్సింది ఇద్దాం. వీణ వాయిస్తున్నట్టు నాణేలు వేయించాడు. లంక రాజు మేఘవర్ణుడు బోధగయలో విహారం కట్టుకుంటానంటే సరేనన్నాడని చైనా రచనలు చెప్తున్నాయి. బౌద్ధాన్ని కత్తితో నరికినవాడని అనడానికి ఆధారం లేదు, మేమూ అనం. అంటరానితనాన్ని అతనే పుట్టించాడనీ అనం. చండాలుల ప్రస్తావన అంతకు చాలా ముందునుంచే ఉంది. అశ్వమేధం చేసి బంగారు నాణేలు వేయించిన, లక్షల ఆవుల్ని దానం చేశాడని పొగిడించుకున్న రాజ్యం ఎట్లాంటి సమాజాన్ని నిలబెట్టిందన్నది మా ప్రశ్న.

దానికి సాక్షి ఉన్నాడు. సముద్రగుప్తుడి కొడుకు రెండో చంద్రగుప్తుడి కాలంలో చైనా భిక్షువు ఫాహియాన్ ఇక్కడ తిరిగాడు. 399లో చైనా నుంచి బయల్దేరాడు. మధ్యదేశంలో జనం సుఖంగా ఉన్నారని, శిక్షలు కఠినంగా లేవని రాశాడు. ఈ ముక్క స్వర్ణయుగం పాఠంలో తప్పకుండా ఉంటుంది. చండాలులు ఊరికి దూరంగా ఉంటారని, పట్నంలోకో అంగడిలోకో వచ్చేటప్పుడు కర్రముక్కతో చప్పుడు చేసుకుంటూ రావాలని, ఆ చప్పుడు విని జనం తప్పుకుంటారని కూడా అతనే రాశాడు. ఒకే మనిషి, ఒకే ప్రయాణం. మొదటి ముక్కను పాఠంగా, రెండోదాన్ని పాదసూచికగా చేసిందెవరు? అంబేడ్కర్ 1948లో 'ది అన్‌టచబుల్స్' రాసి, అంటరానితనం క్రీ.శ.400 ప్రాంతంలో స్థిరపడిందన్నారు. దాన్ని బౌద్ధానికీ బ్రాహ్మణవాదానికీ జరిగిన పోరుతో, గుప్తుల కాలంలో గోహత్య మహాపాతకం కావడంతో ముడిపెట్టారు. ఆ తేదీ మీద చరిత్రకారులు ఒప్పుకోకపోవచ్చు. వాళ్లు స్వర్ణయుగం అన్న కాలాన్నే ఆయన వేలెత్తి చూపారన్నది మాత్రం మనం మర్చిపోకూడదు.

ఇంకో మాట. సముద్రగుప్తుడి మునిమనవడు, వాకాటక రాజు రెండో ప్రవరసేనుడు ఒక ఊరిని వెయ్యిమంది బ్రాహ్మణులకు దానమిచ్చాడు. చమ్మక్ తామ్రశాసనం అది. రాజుకు రావాల్సిన పన్నులతోపాటు విష్టి నుంచి కూడా ఆ ఊరికి మినహాయింపు ఇచ్చాడు. ఆర్.ఎస్.శర్మ 1965లో వచ్చిన 'ఇండియన్ ఫ్యూడలిజం'లో ఇట్లాంటి దానాలే భూస్వామ్యానికి పునాది వేశాయన్నారు. రాజు వదులుకున్న హక్కులు దానం పట్టినవాళ్ల చేతికి పోయాయి. విష్టి అంటే కూలివ్వకుండా చేయించుకునే పని. తెలంగాణలో 1946లో జనం తిరగబడింది దీని మీద కూడా. మన వెట్టి అన్న మాట ఆ విష్టి నుంచి వచ్చిందే.

టీచర్లుగా ఉన్న పాఠకులకు ఒక సూచన. ఈ పాఠం వచ్చినప్పుడు ప్రశస్తిలోని జాబితాను బోర్డు మీద రాయండి. పేర్లున్న చోట పేర్లు రాయండి. అటవీ రాజుల దగ్గర, కన్యల దగ్గర ఖాళీ వదలండి. ఆ ఖాళీ ఎందుకుందని పిల్లల్ని అడగండి. నెపోలియన్ ఎవరన్న ప్రశ్న ఆ తర్వాత అడగొచ్చు.