డెక్ మీద మేకులు

ఆన్‌కాల్ వారంలో నిద్ర నిద్రలా ఉండదు. ఫోన్ దిండు పక్కన పెట్టుకుని, సర్వర్ ఎప్పుడు అరుస్తుందా అని ఒక చెవి మేలుకునే ఉంటుంది. అలాంటి ఒక వారంలోనే జాషువా స్లోకమ్ రాసిన 'సెయిలింగ్ అలోన్ అరౌండ్ ది వరల్డ్' చదివాను. 1900లో వచ్చిన పుస్తకం. తెరచాప పడవలో ఒంటరిగా భూమిని చుట్టొచ్చిన మొదటి మనిషి చెప్పుకున్న కథ. అందులో తుఫానులకేం లోటు లేదు. నాకు మాత్రం ఒక నిద్ర గుర్తుండిపోయింది.

స్లోకమ్ పడవ పేరు 'స్ప్రే'. పొడవు 37 అడుగులకి కాస్త తక్కువ. 1895 ఏప్రిల్‌లో బోస్టన్ నుంచి బయల్దేరి, 1896 ఫిబ్రవరికి మెగలన్ జలసంధిలోని పుంటా అరేనాస్ చేరాడు. ముందున్న ఇరుకు దారుల్లో ఆదివాసులు దాడి చేస్తారు, తోడుగా మనుషుల్ని తీసుకెళ్లమని రేవు అధికారి హెచ్చరించాడు. షరతు లేకుండా రావడానికి ఎవరూ ఒప్పుకోలేదు. సాంబ్లిచ్ అనే ఒక పెద్దమనిషి మాత్రం తివాచీలు బిగించే చిన్న మేకులు ఒక సంచీడు ఇచ్చి, నువ్వు మాత్రం తొక్కకు సుమా అన్నాడు.

జలసంధి దాటి పసిఫిక్‌లో అడుగుపెట్టగానే తుఫాను స్ప్రేని దక్షిణానికి తరిమేసింది. 'మిల్కీ వే' అనే రాళ్ల గుంపు మధ్య, చీకట్లో, చుట్టూ అలలు విరిగి తెల్లగా నురగలు కక్కుతుంటే, ఎలాగో బతికి బయటపడ్డాడు. కాక్‌బర్న్ ఛానెల్‌లోకి వచ్చి ఒక మూల లంగరు దింపాడు. వేడివేడిగా లేడిమాంసం కూర తిన్నాడు. కళ్లు మూతలు పడుతుండగా డెక్ నిండా మేకులు చల్లి పడుకున్నాడు. అర్ధరాత్రి పైన కేకలు. ఎక్కినవాళ్లు ఎక్కినట్టే కొందరు తమ పడవల్లోకి, కొందరు నీళ్లలోకి దూకేశారు. ఇక రారన్న ధీమాతో మళ్లీ పడుకున్నాడు.

పగలబడి నవ్వాను. ఇంతకంటే మంచి అలర్ట్ సిస్టమ్ నేను చూళ్లేదు. కరెంటు అక్కర్లేదు, ఉత్తుత్తి అలారం మోగదు.

రెండోసారి చదివినప్పుడు ఆ నవ్వు అంత తేలిగ్గా రాలేదు. మొదటిసారి జారవిడిచిన ఒక వాక్యం అడ్డుపడింది. తను పుంటా అరేనాస్ చేరడానికి కాస్త ముందు, అక్కడి గవర్నర్ కుర్రాళ్ల దండునొకదాన్ని ఒక ఆదివాసి పల్లె మీదికి పంపాడట, దొరికినంతమందిని తుడిచిపెట్టమని. కారణం, ఏదో ఓడ సిబ్బందిని చంపారని. ఆ హత్యలు జరిగింది ఆ పల్లెలో కాదు, ఇంకెక్కడో. ఇది స్లోకమ్ రాసిందే, అదీ గవర్నర్ సరదా మనిషని చెబుతూ. అక్కడి వర్తకులు సారా అమ్మి ఆదివాసుల్ని ఏ గతి పట్టించారో కూడా ఆయనే రాశాడు. అంతా తెలిసిన మనిషే. తెలిసీ, డెక్ మీద కాలుపెట్టినవాళ్ల దగ్గరికొచ్చేసరికి మళ్లీ 'అనాగరికులు' అన్న ఒక్క మాటతో సరిపెట్టాడు.

ఆయన భయం ఉత్తదని నేననను. ఒక్కడు, నిద్రపోక తప్పదు, ఓడల్లో హత్యలు జరిగిన మాటా నిజం. నా బాధల్లా ఆ పాదాల గురించి. ఆ పడమటి కాలువలన్నీ కవేస్కార్ జనం తిరిగిన నీళ్లు. కుటుంబమంతా పడవలోనే కాలం గడిపేది. పడవ నడుమ మట్టి పరిచి, దాని మీద నిప్పు ఆరిపోకుండా చూసుకునేవాళ్లు. 1520లో మెగలన్ అటుగా వెళ్తూ ఒడ్డున కనబడ్డ మంటల్ని బట్టే అక్కడి నేలకి 'నిప్పుల దేశం' అన్న అర్థమొచ్చే పేరు, టియెర్రా డెల్ ఫ్యూగో, వచ్చిందంటారు. ఇంకా దక్షిణాన ఉండే యాఘన్‌లలో పడవ నడిపేది ఆడవాళ్లే. మగవాళ్లని ఒడ్డున దింపి, పడవని సముద్రపు నాచుకి కట్టేసి, ఆ చలినీళ్లలో ఈదుకుంటూ ఒడ్డుకి వచ్చేవాళ్లు. స్లోకమ్‌కి ఈత రాదు.

ఆయన ఒక్క రాత్రి కునుకు తీసిన అలాంటి మూలల్లోనే వాళ్లు వేల ఏళ్లుగా రాత్రుళ్లు గడిపారు. స్లోకమ్ వచ్చేనాటికి వేటగాళ్లు సీల్ జంతువుల్ని ఊడ్చేశారు, మైదానాలు గొర్రెల ఫారాలైపోయాయి, తెల్లవాళ్లు తెచ్చిన రోగాలు పాకుతున్నాయి. డాసన్ దీవిలో మిషన్ నడుస్తోంది. అక్కడికి చేర్చిన సెల్క్‌నామ్, కవేస్కార్ జనంలో చాలామంది జబ్బులతో పోయారు. 1911లో దాన్ని మూసేశారు.

అర్ధరాత్రి కేకలు విని పైకొచ్చిన స్లోకమ్ తుపాకీ నాలుగైదుసార్లు పేల్చాడు. ఎవరినీ కొట్టడానికి కాదట. తను ఇంట్లోనే ఉన్నానని వాళ్లకి తెలియడానికట.